ఒక్క గిటారు కోసం

“మేడం, మీరు ఎవరి కోసమో ఆగుతా ఉండారు,” అన్నాడు నితీశ్.

బెంగళూరులో అదొక చిన్న స్టూడియో. శబ్దం తిరిగి రాకుండా గోడలన్నిటికీ స్పాంజి అంటించారు. అద్దానికి అవతల నితీశ్ రికార్డు చేస్తున్నాడు. ఇవతల రంజని ఒక్కతే, ఎడమ పాదం చిన్న పీట మీద పెట్టుకుని, గిటారు ఒళ్ళో ఆనించుకుని కూర్చుంది. ముప్పై దాటాక ఆమెకు ఇది మొదటి రికార్డు. పాటగాళ్ళ వెనక వాయించే గిటారు కాదు ఆమెది. పాట లేకుండా, తోడు లేకుండా, నైలాను తీగల మీద గోళ్ళతో మీటే క్లాసికల్ గిటారు. ఆమె ఒక్కతే వాయించిన ఆల్బం వేస్తామని ఒక చిన్న కంపెనీ ముందుకొచ్చింది.

“ఆగుతున్నానా?”

“తప్పులేం లేవు మేడం. ఒక్క స్వరం కూడా పోలేదు. కానీ ప్రతి చరణం చివరా కొంచెం సందు వదుల్తారు. పక్కన ఇంకొకరుండి అందుకుంటారేమో అన్నట్ల.”

నితీశ్ వాళ్ళది మల్లేశ్వరంలో స్థిరపడిన తెలుగు కుటుంబం. మర్యాదగా మాట్లాడతాడు, కానీ విన్నది దాచుకోడు.  రంజని గిటారు పెట్టెలో పెట్టి, కొన్నాళ్ళు గడువు కావాలని కంపెనీకి ఫోన్ చేసి చెప్పి, సాయంత్రం ఇంటికి మారికుప్పం రైలు ఎక్కింది. ఎవరి కోసం ఆగుతోందో ఆమెకు తెలుసు.

రాబర్ట్‌సన్‌పేటలో అంటే కోలారు బంగారు గనుల ఊళ్ళో, వాళ్ళ నాయన సుబ్బరాయశెట్టిది బట్టల దుకాణం. కింద అంగడి, పైన ఇల్లు. గనులు మూసేసిన ఏడాది అంగడికి బేరాలు సగం పడిపోయాయి. అప్పుడే ఫ్రాంక్లిన్ మాస్టారు చొక్కా గుడ్డకని వచ్చి, ఏమీ కొనకుండా బల్ల మీద కూర్చుని కబుర్లు చెప్పడం అలవాటు చేసుకున్నాడు. ఆయన గనిలో ఇంజను నడిపేవాడు. మనుషులు నిలబడ్డ ఇనప పంజరాన్ని భూమి లోపలికి దించి, మళ్ళీ పైకి లాగే ఇంజను అది. ఆ పని పోయాక ఆయన దగ్గర మిగిలినవి ఒక గిటారు, బోలెడంత తీరిక. శెట్టిగారి పిల్లలిద్దరికీ నేర్పుతానన్నాడు. అన్న అనంతకృష్ణకు పన్నెండేళ్ళు, రంజనికి తొమ్మిది. ఇద్దరూ ఒకేసారి వచ్చి కూర్చునేవాళ్ళు కాబట్టి ఆయన ఇద్దరికీ కలిపే నేర్పాడు. రెండు గిటార్ల కోసం రాసిన రచనలే నేర్పాడు. ఆయన పోయేనాటికి ఈ అన్నాచెల్లెళ్ళ పేరు బెంగళూరు చిన్న హాళ్ళలో జంటగానే వినిపించేది.

ఆ తర్వాత అనంతకృష్ణ కుడిచేతి ఉంగరపు వేలు మొండికేసింది. గిటారు పట్టుకుంటే చాలు, ఆ వేలు అరచేతిలోకి ముడుచుకుపోయేది. నొప్పి లేదు, వాపు లేదు. అదే చేత్తో గుడ్డ కొలిచేవాడు, చించేవాడు, సూదిలో దారం ఎక్కించేవాడు. తల్లి విశాలమ్మ దిష్టి తీసింది, కోలారమ్మకు మొక్కుకుంది. బెంగళూరు డాక్టరు మాత్రం, ఇది వాయిద్యగాళ్ళకు అరుదుగా వచ్చేదేననీ, మెదడు నుంచి వేళ్ళకు పోయే కబురు దారిలో కలగాపులగమైపోతుందనీ చెప్పాడు. అనంతకృష్ణ రెండేళ్ళు తంటాలు పడ్డాడు. ఒకరోజు తీగలు వదులు చేసి, గిటారు పెట్టెలో పెట్టి, అటక మీదికి ఎక్కించాడు. నాయన పోయాక అంగడి ఎలాగూ అతనిదే. ఆ గిటారు గురించి ఇంట్లో మళ్ళీ మాట రాలేదు.

రంజని మానలేదు. బెంగళూరులో ఒక సంగీత పాఠశాలలో పాఠాలు చెబుతుంది, రోజూ రైల్లో వెళ్ళొస్తుంది. కానీ ఇంట్లో సాధన చేసేటప్పుడు మాత్రం, తలుపు వేసుకుని, తీగల కింద ఒక గుడ్డ మడత దోపుకునేది. అలా చేస్తే గిటారు గొంతు నొక్కేసినట్టు టుక్కుటుక్కుమంటుంది తప్ప గది దాటి వినపడదు. అన్న చెవిన పడకూడదని ఆమె చేసిన ఏర్పాటది.

మర్నాడు మధ్యాహ్నం అంగట్లో బేరాలు లేని వేళ, అనంతకృష్ణ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బెంగళూరులో తీసిందంతా విన్నాడు. రంజని ఎదురుగా బల్ల మీద కూర్చుని అతని మొహమే చూస్తోంది.

“బాగనే వాయించినావు. ఆ గది బాగాలేదు. పత్తి మూటలో కూర్చోని వాయించినట్ల ఉండాది,” అన్నాడు.

“గదిదేనా తప్పు?”

“గదొక్కటే గాదులే.” అతను ఇయర్‌ఫోన్లు చుట్టి ఆమె చేతిలో పెట్టాడు. “మనూర్లోనే తీద్దాము. ఛాంపియన్ రీఫ్స్‌లో గని ఆఫీసర్ల పాత హాలుండాది గదా. మాస్టారు మన చేత క్రిస్మస్‌కు వాయింపిచ్చిండేది ఆడనే. ఆ బెంగళూరబ్బాయిని మైకులు ఎత్తుకోని రమ్మను.”

“నువ్వొస్తావా?”

“నేను రాకుంటే తాళం ఎవురు తీపిస్తారు మే?”

తాళం ఓబలప్ప అనే కాపలాదారు దగ్గర ఉంది. నితీశ్ రెండు మైకులు, నల్ల పెట్టెలు కారులో వేసుకుని వచ్చాడు. హాలు మధ్యలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టాడు. చెక్క నేల, ఎత్తైన రేకుల కప్పు. చప్పుడు కాసేపు పైన నిలిచి, మెత్తగా కిందికి దిగి ఆగిపోయింది. నితీశ్ మొహం విచ్చుకుంది.

“గని నడిచేటప్పుడు ఈడ మనిషి మాట మనిషికి వినపడేది కాదు సామీ,” అన్నాడు ఓబలప్ప. “రాళ్ళు దంచే మిల్లు చప్పుడు, సైరను. ఇప్పుడు పిట్ట రెక్క కొట్టినా వినపడ్తాది.”

పిట్టలు నిజంగానే ఉన్నాయి. వాటికన్నా పెద్ద చిక్కు రేకులది. ఎండ ఎక్కగానే వేడికి సాగి టప్పు టప్పుమనేవి. కాబట్టి తెల్లవారినప్పటి నుంచి ఎండ తగిలేదాకానే రికార్డింగు. వీధికుక్కలు మొరగకుండా ఓబలప్ప వాటికి బన్నులు పెడుతూ బయట కూర్చునేవాడు.

పక్క గదిలో నితీశ్ యంత్రం ముందు, అతని పక్కన హెడ్‌ఫోన్లతో అనంతకృష్ణ. మొదటి ఉదయం బాగానే గడిచింది. చలికి తీగలు శ్రుతి నిలవక కొంచెం ఇబ్బంది పెట్టినా, రెండు రచనలు పూర్తయ్యాయి. రంజని ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువే తిన్నది.

రెండో ఉదయం అలా లేదు. ఆరోజు తీసుకున్నది నిదానంగా సాగే ఒక రచన. ఆమె వాయించడం, పక్క గదిలోంచి అన్న గొంతు రావడం.

“ఇంగోసారి.”

ఆమె మళ్ళీ వాయించింది.

“ఇంగోసారి. ఆ మలుపులో మళ్ళా ఆగినావు.”

మళ్ళీ వాయించింది. ఈసారి ఆగకూడదని తొందరపడింది.

“పరిగెత్తినావు ఇప్పుడు. ఇంగోసారి.”

రంజని గిటారు ఒళ్ళోంచి తీసి కింద పెట్టింది. లేచి పక్క గది గుమ్మంలోకి వచ్చింది. ఆమె గొంతు పెద్దది కాలేదు.

“నీకు కావాల్సింది నేను కాదన్నా. నీకొక చెయ్యి కావాల. నీది పనికిరాకపోయె, నాది వాడుకుంటా ఉండావు.”

నితీశ్ యంత్రం వైపు వంగి, లేని దుమ్ము తుడవసాగాడు. అనంతకృష్ణ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు.  బయటికి నడిచాడు.

రంజని అక్కడే నిలబడిపోయింది. పుట్టి బుద్ధెరిగాక అన్నను అంత మాట అన్నది లేదు. నితీశ్ ఫ్లాస్కు విప్పి రెండు గ్లాసుల్లో కాఫీ పోసి, రెండూ ఆమె చేతికే ఇచ్చాడు.

“పొండి మేడం. ఎండ వచ్చేదానికి ఇంకా టైముంది,” అన్నాడు.

అనంతకృష్ణ హాలు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా, బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సయనైడు దిబ్బ బూడిదరంగులో పరుచుకుని ఉంది. రంజని ఒక గ్లాసు అందించి, ఒక మెట్టు కింద కూర్చుంది.

“నోరు జారినా,” అన్నది.

“అబద్ధం చెప్పలేదు గదా నువ్వు. కొంచెం నిజముండాది.” అతను కాఫీ ఒక గుక్క తాగాడు. “నువ్వు వాయిస్తా ఉంటే నా వేళ్ళు లోపల్లోపల కదుల్తాయి. అన్నీ సరిగ్గా కదుల్తాయి. ఆ వేలు కూడా. బయటికొచ్చేసరికి ముడుచుకుంటాది. అందుకే నిన్ను అంత గట్టిగా పట్టుకున్నట్లుండాను.”

“నీకు బాధగా ఉంటుందనే గదన్నా, నేను ఇంట్లో ఎప్పుడూ...” ఆమె మాట మింగేసింది.

“గుడ్డ పెట్టుకోని వాయించేది. తెలుసు.”

రంజని తలెత్తి చూసింది.

“అంగట్లో పని నాది. ఏ తానులోంచి ఎంత గుడ్డ పోయిందో నాకు తెలీదా?” అతను నవ్వబోయి ఆగాడు. “మొదట్లో నాకోసమే అనుకున్నా. సరేలే అనుకున్నా. తర్వాత తర్వాత ఆ టుక్కుటుక్కు వింటా ఉంటే ఎట్లుండిందో తెల్సునా? ఇంట్లో ఎవురో పోయినట్ల, అందరూ గుసగుసగా మాట్లాడుకున్నట్ల ఉండింది. నా వేలు పోయిందానికంటే అది ఎక్కువ బేజారు నాకు.”

“మరి ఒక్క మాట చెప్పకపోతివే?”

“నువ్వు అడిగినావా? నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఇద్దరం మంచోళ్ళే.”

రంజనికి ఏడుపు వచ్చింది కానీ గట్టిగా రాలేదు. కాఫీ చల్లారిపోయేదాకా ఇద్దరూ దిబ్బ వైపు చూస్తూ కూర్చున్నారు. వాయిస్తూ తాను వదిలే ఆ సందు ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు ఇప్పుడు ఇంకొంచెం స్పష్టంగా తెలిసింది. ఇన్నాళ్ళూ అన్న భాగం కోసం ఆగింది సరే. అంతకన్నా ఎక్కువగా, అన్నకు వినపడకుండా ఆగింది. బెంగళూరు స్టూడియోలో తీగల కింద గుడ్డ లేదు. గుడ్డ ఆమె చేతుల్లోనే ఉంది.

“ఒక మాట చెప్తా, కోప్పడకూడదు,” అన్నాడు అనంతకృష్ణ. “మాస్టారు మనకు మొట్టమొదట నేర్పిన జంట పాటుంది గదా. స్పెయిన్‌ది, ఆ పాత నాట్యం.”

“అది ఈ ఆల్బంలో వద్దని ఎప్పుడో చెప్పినా. రెండు గిటార్లది అది.”

“ఒక్క గిటారుకు చేసినా నేను.”

“ఎప్పుడు?”

“అంగట్లో కూర్చోనుండేటప్పుడు. ఒక ఏడాదిగా తల్లోనే కట్టుకుంటా ఉండాను. నీ పాట నీకే ఉంటాది. నాది నీ బొటనవేలికిచ్చినా. అంతా పట్టలేదు. పట్టనిది ఇడిచేసినా.”

“ఏమి ఇడిచినావు?”

“నేను గొప్ప చూపిచ్చుకునే దానికి వాయిస్తా ఉన్నవన్నీ.”

రంజని కళ్ళు తుడుచుకుంటూ నవ్వేసింది. అతను ఎడమచేత్తో మెట్టు మీద తాళం వేస్తూ, కింది స్వరాలు నోటితో పాడి వినిపించాడు. పై పాట ఆమెకు వచ్చిందే. ఆమె దాన్ని సన్నగా కూనిరాగం తీసింది. ఒకచోట రెండూ ఢీకొన్నాయి. అక్కడ ఏం చేయాలో అతను చెప్పాడు, ఆ సాగదీత ఏ మనిషి వేళ్ళకూ సాధ్యం కాదని ఆమె వాదించింది. ఎండ వచ్చి రేకులు చప్పుడు మొదలుపెట్టినా ఇద్దరూ లేవలేదు. చివరికి నితీశే మైకులు సర్ది పెట్టి బయటికొచ్చాడు.

మిగతా రచనలు ఆ వారంలోనే అయిపోయాయి. అనంతకృష్ణ “ఇంగోసారి” అనడం తగ్గించలేదు. రంజని మాత్రం ఒకటి రెండుసార్లు “చాల్లే పో” అనడం నేర్చుకుంది. ఆ స్పెయిన్ పాట ఒక్కటే మిగిలింది. దానికి నెల కావాలన్నది ఆమె. నితీశ్ సరేనని బెంగళూరు వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం రంజని పైగదిలో తలుపు తీసిపెట్టి, గుడ్డ తీసేసి వాయించింది. వంటింట్లో విశాలమ్మ మిక్సీ ఆపేసి, గది గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది.

“ఏందిమే, ఈ పొద్దు ఇంత బాగా వినపడ్తా ఉండాది?”

“గుడ్డ తీసేసినామ్మా.”

“అట్లనే ఉండనీ,” అన్నది విశాలమ్మ. కాసేపు అక్కడే నిలబడి, పచ్చడి రుబ్బడం ఆరోజుకు మానేసి, పెరుగన్నంతో సరిపెట్టింది.

పాట సులువుగా లొంగలేదు. బొటనవేలు అన్న భాగాన్ని నిబ్బరంగా నడపాలి, మిగిలిన వేళ్ళు పైన తమ పాట పాడాలి. మొదట్లో రెండు గుర్రాలను ఒకే కళ్ళెంతో తోలినట్టుండేది. పైన చక్కగా వస్తే కింద తడబడేది. ఒక వారం పాటు అసలు కుదరదనే అనుకుంది. అంగట్లోంచి అనంతకృష్ణ గుడ్డ కొలుస్తూనే కేక పెట్టేవాడు.

“రెండో వేలు! మూడోది గాదు, రెండోది!”

చీర జాకెట్టు గుడ్డకని వచ్చిన మునిలక్ష్మమ్మ ఉలిక్కిపడి, “ఎవురికప్పా చెప్తా ఉండావు?” అని అడిగింది.

“పైనుండే నా చెల్లెలికి లేమ్మా. నీకు ముక్కాలు మీటరు చాలునా?”

రైల్లో కూడా రంజని తన సంచి మీద బొటనవేలితో కింది పాట మీటుకునేది. రోజూ పక్కన కూర్చునే ఆడవాళ్ళు అలవాటుపడిపోయారు. నెల గడిచేసరికి పాట ఆమెది కాసాగింది. అన్న చెప్పినవాటిలో రెండు చోట్ల ఆమె మార్చింది. ఒకటి ఒప్పుకున్నాడు. రెండోదానికి రెండు రోజులు మాట్లాడకుండా తిరిగి, తర్వాత అదీ ఒప్పుకున్నాడు.

నితీశ్ మళ్ళీ వచ్చిన రోజు మబ్బు పట్టింది. రేకుల బెడద లేదు. అనంతకృష్ణ ఈసారి పక్క గదిలోకి పోలేదు. హాల్లోనే, దూరంగా గోడవారన కుర్చీ వేసుకున్నాడు.

“యంత్రంలో వద్దు. గాలిలో వింటా,” అన్నాడు.

రంజని మొదలుపెట్టింది. చిన్నప్పటి నుంచీ, నాలుగో వరస దగ్గర అన్న అందుకోవడానికి ఆమె ఒక్క క్షణం ఆగే చోటుంది. ఇప్పుడు అక్కడికి రాగానే బొటనవేలు దిగాలి. దిగింది. ఎదురుచూడటానికి తీరిక లేదు. చేతి నిండా పని ఉంది. కింది పాట నడుస్తుంటే దాని మీద పై పాట తేలికగా కదిలింది. తాను ఒంటరిగా ఉన్నానని గానీ, అన్న తన చేతిలో ఉన్నాడని గానీ ఆమెకు తోచలేదు. తర్వాతి స్వరం, ఆ తర్వాతి స్వరం, అంతే. వాయిస్తున్నందుకు సంతోషంగా ఉంది. చాలా ఏళ్ళ తర్వాత అంత మామూలు సంతోషం.

చివరి స్వరం కప్పు కింద నిలిచి, కరిగింది. గుమ్మంలోంచి నితీశ్ బొటనవేలు ఎత్తి చూపించాడు. రంజని అన్న వైపు చూసింది. అతను కళ్ళు ఒత్తుకుని, గొంతు సవరించుకున్నాడు.

“ఇంగోసారి,” అన్నాడు. “చివర్లో ఆరో తీగ జుర్రుమన్నాది.”

నితీశ్ భయంగా రంజని వైపు చూశాడు. ఆమె పకపకా నవ్వింది. నవ్వు ఆగాక తీగ శ్రుతి సరిచూసుకుని మళ్ళీ వాయించింది. ఈసారి తీగ జుర్రుమనలేదు. ఆల్బంలో ఉన్నది ఆ రెండోసారి వాయించిందే.

వానాకాలం మొదట్లో ఆల్బం విడుదలైంది. అట్ట మీద పేరు గురించి ఇంట్లో మరో తగువు. తన పేరు వద్దని అనంతకృష్ణ, ఉండకపోతే అట్టే వద్దని రంజని. చివరికి ఆమె పేరు పెద్దగా, కింద “ఒక్క గిటారుకు కూర్చినది: అనంతకృష్ణ” అని చిన్నగా వేశారు. లోకం తలకిందులైపోలేదు. గిటారు తెలిసినవాళ్ళు కొందరు విన్నారు. పుదుచ్చేరి నుంచి ఒక గిటారు పంతులు ఫోన్ చేసి, ఆ స్పెయిన్ పాట తన శిష్యులకు నేర్పడానికి అనుమతి అడిగాడు. అడిగింది అనంతకృష్ణను. ఫోన్ పెట్టేశాక అతను అంగడి బయటికొచ్చి, కాసేపు వీధిలో వచ్చేపోయే వాళ్ళను చూస్తూ నిలబడ్డాడు.

ఆ తర్వాత కోలారులో ఒక కాలేజీవాళ్ళు రంజనిని పిలిచారు. ఒంటరిగా ఆమె మొదటి కచేరీ. హాలు సగమే నిండింది. పిల్లలు మొదట ఫోన్లు చూసుకున్నారు, తర్వాత చూసుకోలేదు. స్పెయిన్ పాట అయ్యాక ముందు వరసలో ఒకమ్మాయి మళ్ళీ వాయించమని అడిగింది. రంజని వాయించింది. అనంతకృష్ణ చివరి వరసలో నిలబడే విన్నాడు.

తిరుగు బస్సులో జనం. టమాటా మార్కెట్టు నుంచి వచ్చినవాళ్ళు ఖాళీ బుట్టలు సీట్ల మధ్య పెట్టుకున్నారు. రంజని గిటారు పెట్టె మోకాళ్ళ మధ్య పట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. బంగారుపేట దాటాక అనంతకృష్ణ అన్నాడు:

“ఇంగొకటి కడ్తా ఉండాను. మనం కడపట వాయించిందుంది గదా, అది.”

“అదా? అది చానా కష్టమన్నా. అందులో నీది నాకంటే ఎక్కువ.”

“కష్టమే. అందుకే ఇప్పుడే చెప్తా ఉండాను.” అతను ముందుకు వంగి, ఎదుటి సీటు కడ్డీ మీద వేళ్ళతో తాళం వేస్తూ కూనిరాగం అందుకున్నాడు. “ఈ చోట చూడు. ఈడ నువ్వు మొదలుపెట్టాల.”

కండక్టరు వచ్చి టిక్కెట్టు అడిగాడు. రంజని ఇద్దరికీ తీసుకుంది. అనంతకృష్ణ కూనిరాగం ఆపలేదు.